ముందు అవతలివాడి పుస్తకం చదివి రా

ఇస్లాం నిజమా, క్రైస్తవం నిజమా అన్న ప్రశ్నని ఈ రోజుల్లో అర నిమిషం వీడియోలో తేల్చిపారేస్తున్నారు. ఒకడు మైకు పట్టుకుని, "మీ బైబిల్లో ఈ వాక్యం తర్వాతెవరో చేర్చింది, ఔనా కాదా?" అని గద్దిస్తాడు. ఎదురుగా ఉన్నవాడు నీళ్ళు నములుతాడు. అంతటితో వీడియో అయిపోతుంది. మర్నాడు రెండో పక్షంవాళ్ళు ఇంకోటి పెడతారు. "మీ ఖుర్ఆన్‌లో అక్షరం మారలేదన్నారే, సనాలో దొరికిన తోలు పత్రాల సంగతేమిటి?" మళ్ళీ నీళ్ళు నమలడమే. అడిగినవాడు ఆ పత్రాల గురించి ఒక్క పేజీ చదివి ఉండడు. జవాబు చెప్పలేనివాడికి తన గ్రంథం ఎలా చేతికొచ్చిందో తెలియదు. మా మనవడు ఇలాంటివి నాకు పంపించి, "చూడు తాతయ్యా, ఎలా నోరు మూయించాడో" అని మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నోరు మూయించడం రుజువు ఎప్పుడైంది?

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. గుంటూరు జిల్లాలో లూథరన్ ఇంట్లో పుట్టాను, ఇప్పటికీ ఆదివారం గుడికి వెళ్తాను. నేను ఏ పక్షమో దాచుకోవలసిన పని లేదు. కాని నా పక్షంవాడు తప్పుడు రుజువు పట్టుకొస్తే, అవతలివాడి మీద కంటే వీడి మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది. నా విశ్వాసాన్ని అబద్ధం మీద నిలబెట్టమని వీణ్ణి ఎవరడిగారు?

మా రోజుల్లో ఇలా లేదు. మా స్టాఫ్ రూములో ఉర్దూ చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవారు. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. మధ్యాహ్నం క్యారేజీలు కడిగి పెట్టాక మా ఇద్దరికీ ఇదే పని. మా మధ్య ఒక కట్టుబాటు ఉండేది. ఆయన పక్షంలోని బలం నేను చెప్పాలి, నా పక్షంలోని బలం ఆయన చెప్పాలి. ఎవరి పక్షమో వాళ్ళు "సరిగ్గా చెప్పారు" అన్నాకే అవతలివాడు అభ్యంతరం ఎత్తాలి. "లేదు మాస్టారూ, ఇది మా మాట కాదు, మా మాట అని మీరనుకుంటున్నది. మళ్ళీ చదివి రండి" అని ఆయన నన్ను తిప్పి పంపేవారు. నేను చిలుకూరి నారాయణరావు గారి తెలుగు ఖుర్ఆన్‌తో మొదలుపెట్టి, నిజాం కొలువులో ఉండి 1930లో ఇంగ్లీషు అనువాదం వేసిన పిక్తాల్ దాకా వెళ్ళాను. ఆయన పౌలు పత్రికలు తెలుగులో చదివి, అర్థం కాని చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకుని వచ్చేవారు. గుంటూరు నుంచి హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో కూర్చునే వాళ్ళం. ఆ సంస్థ 1930లో లాహోరులో మొదలై, ఊళ్ళు మారి మారి హైదరాబాదు చేరింది. ముస్లింలకు సువార్త చెప్పేవాళ్ళు ముందు ఇస్లాంని క్షుణ్ణంగా చదవాలని పెట్టిన చదువు అది. చెప్పే ముందు చదవాలన్న బుద్ధి అప్పటివాళ్ళకి ఉండేది.

ఈ దారి మేం వేసింది కాదు. మాకంటే వందేళ్ళ ముందే ఆగ్రాలో పడింది. 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో అక్కడ జరిగిన వాదం గురించి ప్రతి ఏడూ మా పిల్లలకి చెప్పేవాణ్ణి. ఒక పక్క జర్మన్ మిషనరీ కార్ల్ ఫాండర్. కాకసస్ ప్రాంతంలో షూషా అనే ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉండి, పారసీకం పట్టుబట్టి నేర్చుకుని, 'మీజానుల్ హఖ్' అని ముస్లింల కోసం పెద్ద పుస్తకం రాసినవాడు. రెండో పక్క కైరానా మౌల్వీ రహ్మతుల్లా. ఫాండర్‌కి తోడు థామస్ ఫ్రెంచ్, తర్వాతి రోజుల్లో లాహోరుకి మొదటి బిషప్పు అయినాయన. రహ్మతుల్లాకి తోడు డాక్టర్ వజీర్ ఖాన్. ఈయన ఆగ్రా ఆస్పత్రిలో పనిచేసేవాడు. చదువుకోసం లండన్ వెళ్ళి వచ్చేటప్పుడు, బైబిలు మీద యూరపు పండితులు రాసిన విమర్శ గ్రంథాలు వెంట తెచ్చుకున్నాడు.

కూర్చునే ముందు వాళ్ళ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఏ అంశాలు, ఏ వరసలో అన్నది తేల్చుకున్నారు. పాత ఆజ్ఞలు రద్దు కావడం, బైబిలు పాఠం మారిందా లేదా, త్రిత్వం, ముహమ్మద్ ప్రవక్తృత్వం, ఖుర్ఆన్ దైవవాక్యమా అన్నవి ఆ అయిదు. రెండు రోజుల్లో మొదటి రెండూ దాటలేదు. వజీర్ ఖాన్ తెచ్చిన పుస్తకాల్లో ఫాండర్ పుట్టిన దేశపు పండితులే ఉన్నారు. వాళ్ళు లేవనెత్తిన ప్రశ్నలకి ఫాండర్ సిద్ధంగా లేడు. కొన్ని చోట్ల పాఠం మారిన మాట నిజమే, దానివల్ల మూల సిద్ధాంతాలకి వచ్చిన లోటు లేదు అన్నాడు. ఒక్క చోట మారినా దస్తావేజు చెల్లదు అని రహ్మతుల్లా పట్టు. అక్కడ వాదం ఆగిపోయింది. గెలిచామని ఇరుపక్షాలూ పుస్తకాలు వేసుకున్నాయి.

1857 తిరుగుబాటు తర్వాత రహ్మతుల్లా ఆస్తి పోగొట్టుకుని మక్కా చేరాడు. అక్కణ్ణుంచి ఇస్తాంబుల్ వెళ్ళి, అరబీలో 'ఇజ్హారుల్ హఖ్' రాశాడు. అది 1864లో అచ్చయింది. ఆగ్రా వాదమంతా అందులో విస్తరించింది. ఇంకో పక్క, ఫాండర్‌కి జవాబుగా ఆగ్రా మసీదులో ప్రసంగించిన ఇమాదుద్దీన్ 1866లో అమృతసర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మూడో దారి పట్టాడు. ముస్లిం అయి ఉండి బైబిలుకి తనే వ్యాఖ్యానం రాశాడు. యూదులు, క్రైస్తవులు మార్చింది ఎక్కువగా అర్థాన్నే గాని అక్షరాన్ని కాదని వాదించాడు. విలియం మ్యూర్ రాసిన ప్రవక్త జీవితచరిత్రకి జవాబు చెప్పాలని లండన్ దాకా వెళ్ళి, అక్కడి గ్రంథాలయాల్లో కూర్చుని చదివి, 1870లో పుస్తకం వేశాడు. ఒక పుస్తకానికి జవాబు కోసం సముద్రం దాటాడు ఆయన. ఇప్పటివాళ్ళు జేబులోని ఫోనులో అదే పుస్తకం తెరవడానికి కూడా బద్ధకిస్తున్నారు.

అయితే ఇప్పుడు చూస్తున్న జబ్బుకి విత్తనం ఆగ్రాలోనే పడిందన్నది కూడా చెప్పాలి. వజీర్ ఖాన్, రహ్మతుల్లా బైబిలు మీదికి తీసుకొచ్చిన విమర్శకుల్లో అద్భుతాలని అసలు నమ్మనివాళ్ళున్నారు. అదే పద్ధతిని ఖుర్ఆన్‌కి పెట్టడానికి వాళ్ళు ఒప్పుకునేవారా? ఫాండర్ కూడా అంతే. ప్రవక్త అద్భుతాలు తర్వాతి హదీసుల్లో, అంటే ఆయన గురించి జనం చెప్పుకొచ్చిన మాటల్లో తప్ప ఖుర్ఆన్‌లో లేవు, అనుచరులు చెప్పినవి ఎలా నమ్మడం అన్నాడు. సువార్తలు రాసింది మాత్రం అనుచరులు కాదా? అవతలివాడి సరుకు తూచడానికి ఒక తక్కెడ, తన సరుకుకి ఇంకో తక్కెడ. ఇద్దరి చేతుల్లోనూ రెండేసి ఉన్నాయి. అప్పుడు ఆ తక్కెడ పట్టినవాళ్ళు పండితులు కనక, తూచిన సరుకైనా గట్టిది. ఇప్పుడు సరుకూ లేదు.

రుజువుల దగ్గరికి వస్తాను. అవి ఏం చెప్తాయో, ఎక్కడ ఆగిపోతాయో ఎవడూ చెప్పడం లేదన్నదే నా గోల.

మాంచెస్టర్‌లో జాన్ రైలాండ్స్ లైబ్రరీ ఉంది. అక్కడ అద్దాల వెనక ఒక పపైరస్ ముక్క పెట్టారు. అరచేతిలో పట్టేంత, ఎత్తు తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. రెండు వైపులా గ్రీకు అక్షరాలు, అంచులన్నీ చిరిగిపోయినవి. యోహాను సువార్త 18వ అధ్యాయంలో, పిలాతు ముందు యేసు నిలబడిన చోటు నుంచి కొన్ని పాదాలు. ఈజిప్టులో 1920లో కొన్నారు, 1935లో రాబర్ట్స్ అనే పండితుడు పోల్చి ప్రకటించాడు. అక్షరాల వాలు చూసి రెండో శతాబ్దం అన్నారు. మా క్రైస్తవ వక్తలు దీన్ని పట్టుకుని "క్రీ.శ. 125" అని తేదీ వేసి మరీ చెప్తారు. చేతిరాత చూసి ఏడాది చెప్పడం ఎవరి తరమూ కాదు. రెండో శతాబ్దం చివరి దాకా కూడా అది జరగవచ్చని ఇప్పుడు జాగ్రత్తపరులైన పండితులు అంటున్నారు. ఆ ముక్క చెప్పేది, అప్పటికే ఈజిప్టులో యోహాను సువార్త చదువుతున్నారని. అందులో చెప్పింది జరిగిందని ఆ ముక్క చెప్పదు.

అక్కణ్ణుంచి రైలెక్కితే రెండు గంటల్లోపే బర్మింగ్‌హామ్. అక్కడి యూనివర్సిటీలో రెండు తోలు ఆకులున్నాయి, ఖుర్ఆన్ 18, 19, 20 సూరాల (అధ్యాయాల) భాగాలు. వాలుగా నిలువుగీతలు సాగదీసే హిజాజీ లిపి, సిరా ఇప్పటికీ నల్లగా ఉంది. మోసుల్ దగ్గర పుట్టిన అల్ఫోన్స్ మింగానా అనే కల్దీయ క్రైస్తవుడు 1920ల్లో, చాక్లెట్ల కాడ్బరీ కుటుంబం డబ్బుతో తూర్పు దేశాల నుంచి సేకరించిన రాతప్రతుల్లోవి. ఏళ్ళ తరబడి వేరే ఖుర్ఆన్ ఆకులతో కలిపి కట్టేసి పడి ఉన్నాయి. అల్బా ఫెదెలీ అనే పరిశోధకురాలు ఇవి వేరు అని గుర్తించింది. ఆక్స్‌ఫర్డ్‌లో కార్బన్ పరీక్ష చేస్తే 568కీ 645కీ మధ్య అని వచ్చింది. 2015 జులైలో ఆ వార్త ప్రపంచమంతా పాకింది.

ఆ నెల నేను చూసిన అల్లరి ఇంతా అంతా కాదు. ఒక పక్షం, "చూశారా, ఖుర్ఆన్ దైవవాక్యమని సైన్సు తేల్చింది" అన్నారు. రెండో పక్షం, "568 అంటే ప్రవక్త పుట్టకముందే, ఈ పుస్తకం ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చింది" అన్నారు. ఆ పరీక్ష చెప్పేది ఆ తోలు తాలూకు జంతువు ఎప్పుడు చచ్చిందని. దాని మీద ఎప్పుడు రాశారో కాదు. పైగా అది ఒక అంచనా విస్తృతి, దాని కింది కొస పట్టుకుని ఊగడం తెలివి కాదు. న్యాయంగా ఆ ఆకులు రుజువు చేసేది ఒకటుంది, అది చిన్నది కాదు. ప్రవక్త కన్నుమూసింది 632లో. ఆయన్ని చూసినవాళ్ళు బతికుండగానే ఈ సూరాలు, ఇప్పుడు మసీదులో చదువుతున్న పాఠానికి చాలా దగ్గరగా, తోలు మీదికి ఎక్కి ఉండాలి. ఖుర్ఆన్ రెండు వందల ఏళ్ళ తర్వాత నెమ్మదిగా పోగుపడింది అని వాదించిన పాశ్చాత్య పండితులకి ఆ రెండు ఆకులు అడ్డం తిరిగాయి. ఇది నేను ఒక క్రైస్తవుడిగా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. యేసుకీ, మా దగ్గరున్న మొదటి సువార్త ముక్కకీ మధ్య ఇంత తక్కువ దూరం లేదు.

ఇక మొదట్లో చెప్పిన సనా పత్రాలు. యెమెన్‌లో సనా పెద్ద మసీదు మరమ్మతు చేస్తుంటే 1972లో పైకప్పు సందులో గుట్టలుగా బయటపడ్డాయి. వాటిలో ఒక ప్రతి, ముందు రాసింది చెరిపి దాని మీద మళ్ళీ రాసింది. కింద చెరిగిన పాఠంలో ఇప్పటి ఖుర్ఆన్‌కి తేడాలున్నాయి, మాట వరస, పర్యాయపదాలు, సూరాల క్రమం లాంటివి. మా వాళ్ళు దీన్ని పెద్ద దొంగతనం పట్టుకున్నట్టు చెప్తారు. ఖలీఫా ఉస్మాన్ ఒక ప్రామాణిక ప్రతి రాయించి మిగిలినవి తగలబెట్టమన్నాడని చెప్పింది ముస్లిం సంప్రదాయమే. ప్రవక్త సహచరులైన సహాబీల ప్రతుల్లో తేడాలు ఏమేమిటో పదో శతాబ్దపు ఇబ్న్ అబీ దావూద్ ఒక పుస్తకమే రాసిపెట్టాడు. ఇబ్న్ ముజాహిద్ ఏడు పఠన పద్ధతులు, అంటే ఖిరాఅత్‌లు గ్రంథస్థం చేశాడు. వాళ్ళు దాచలేదు. దాచింది ఈ కాలపు వక్తలు. "అక్షరం కూడా తేడా లేదు" అని మైకులో అరిచి, తమ పండితులు వెయ్యేళ్ళ కిందట ఒప్పుకున్నదాన్ని మింగేస్తున్నారు.

మా పక్కా అదే కథ. మార్కు సువార్త చివరి పన్నెండు వాక్యాలు నాలుగో శతాబ్దపు సైనాయి ప్రతిలో లేవు, వాటికన్ ప్రతిలోనూ లేవు. ఇది ఏ నాస్తికుడో కనిపెట్టింది కాదు. మంచి ప్రతుల్లో ఇవి కనబడవని ఆ శతాబ్దంలోనే చర్చి చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయంలో త్రిత్వాన్ని చెప్పే వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదని ఎరాస్మస్ 1516లో తన గ్రీకు అచ్చుప్రతిలో పెట్టలేదు, గొడవ చేస్తే 1522లో చేర్చాడు. అయిదు వేలకి పైగా గ్రీకు రాతప్రతులున్నాయి మాకు. అన్ని ప్రతులుంటే తేడాలూ ఉంటాయి. ఆ తేడాలు ఎక్కడున్నాయో తెలిసేది కూడా అన్ని ప్రతులున్నందువల్లే. ఈ మాట ఆదివారం బడిలోనే పిల్లలకి చెప్పి ఉంటే, వీడియోలో ఎవడో అడిగినప్పుడు వాళ్ళ కాళ్ళ కింద నేల కదిలేది కాదు.

పుస్తకం చెడకుండా చేతికొచ్చిందంటే, రాసినవాడి మాట చెడకుండా వచ్చిందని అర్థం. ఆ మాట దేవుడిదా కాదా అన్నది వేరే ప్రశ్న, దానికి తోలూ పపైరసూ జవాబు చెప్పవు. దీన్ని కాలేజీ పిల్లలకి చెప్తే వెంటనే పట్టుకునేవారు. ఇప్పుడు పెద్దవాళ్ళకి కూడా ఎక్కడం లేదు.

సిలువ విషయంలో మాత్రం నేను మెత్తబడను. యేసుని పిలాతు హయాంలో చంపారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు, క్రైస్తవులంటే గిట్టనివాడు. యేసు మరణం తర్వాత పాతికేళ్ళలోపే పౌలు కొరింథీయులకు రాశాడు, అదీ తనకి ముందువాళ్ళు అప్పగించిన సాక్ష్యమని చెప్పి. ఏ విశ్వాసమూ లేని చరిత్రకారులు కూడా సిలువ మరణాన్ని కాదనరు. ఖుర్ఆన్ నాలుగో సూరా 157వ ఆయతు (వాక్యం) యేసుని చంపలేదు, సిలువ వేయలేదు, అలా వాళ్ళకి కనబడింది అంటుంది. అది దాదాపు ఆరు వందల ఏళ్ళ తర్వాతి మాట. చరిత్ర పద్ధతిలో తూచితే ఇక్కడ ముస్లిం పక్షం బరువు తక్కువ. మా మాస్టారు దీనికి తన వాళ్ళ పుస్తకమే తెచ్చి చూపించారు. ఫఖ్రుద్దీన్ రాజీ, 1210లో పోయిన మహా వ్యాఖ్యాత, ఈ ప్రశ్న తనే వేసుకున్నాడు. ఒకరి రూపం ఇంకొకరి మీద పడుతుందంటే కళ్ళారా చూసినదాన్నీ, తరతరాలుగా జనం చెప్పుకొచ్చినదాన్నీ ఎలా నమ్మగలం, అప్పుడు మతానికి పునాది ఏముంటుంది అని. తర్వాత తనే జవాబులు చెప్పాడు, ఆ జవాబులు నాకు చాలలేదు. కాని శత్రువు వేయాల్సిన ప్రశ్నని తనే, అంత పదునుగా, తన పవిత్ర గ్రంథం వ్యాఖ్యానంలో రాసుకున్న మనిషికి నేను నమస్కారం పెడతాను. ఇప్పుడు వీడియోలు చేసేవాళ్ళలో రాజీ పేరు ఎందరు విన్నారు?

అలాగని సిలువ రుజువైతే పునరుత్థానం రుజువైపోదు. సమాధి దగ్గరికి ఎంతమంది స్త్రీలు వెళ్ళారు, లోపల ఎవరు కనిపించారు అన్న దగ్గర నాలుగు సువార్తలూ ఒక్కలా చెప్పవు. సాక్షులు కూడబలుక్కోలేదనడానికి అదే గుర్తు అని మావాళ్ళంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఆ మినహాయింపు హదీసుల్లో తేడాలకి కూడా ఇవ్వమంటే మాత్రం ముఖం తిప్పేసుకుంటారు.

హదీసుల మాట వస్తే మన హైదరాబాదుని ఎవరూ తలవకపోవడం నాకు మరీ బాధ. ప్రవక్త తర్వాత రెండు శతాబ్దాలు దాటాక బుఖారీ లాంటివాళ్ళు హదీసులు కూర్చారు. బుఖారీ 870లో పోయాడు. ఇంత ఆలస్యంగా పోగేసినవాటిని ఎలా నమ్మడం అని గోల్డ్‌జిహర్, షాఖ్ట్ లాంటి యూరపు పండితులు ప్రశ్నించారు. గట్టి ప్రశ్నే. దానికి జవాబు వెతికినవాళ్ళలో మన హైదరాబాదులో 1908లో పుట్టి, ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా ఒకరు. ప్రవక్త సహచరుడు అబూ హురైరా దగ్గర విన్న హదీసుల్ని ఆయన శిష్యుడు హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ రాసుకున్న చిన్న సంకలనం ఒకటుండేది. దాని రాతప్రతులు బెర్లిన్‌లో ఒకటి, డమాస్కస్‌లో ఒకటి పట్టుకుని, పోల్చి, 1953లో ప్రకటించాడు. అందులోని హదీసులు తర్వాతి పెద్ద సంకలనాల్లో ఉన్నవాటితో ఎంత దగ్గరగా కలుస్తాయో పక్కపక్కన పెట్టి చూపించాడు. దాంతో హదీసులన్నీ నిజమని తేలలేదు, తేలిందని ఆయన అననూ లేదు. మధ్యలో రెండు వందల ఏళ్ళు నోటి మాటే తప్ప రాత లేదన్న వాదానికి మాత్రం గండి పడింది.

హైదరాబాదు ఇచ్చింది ఇంకోటి, 1888లో పుట్టిన ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫ్. హదీసు చెప్పిన ప్రతి మనిషీ ఎవరు, ఎవరి దగ్గర విన్నాడు, అబద్ధాలాడేవాడా, ముసలితనంలో మతిమరుపు వచ్చిందా అని నమోదు చేసిన గ్రంథాలు అరబీలో ఉన్నాయి. అలాంటివాటిలో పేరుమోసిన ఇబ్న్ హజర్ 'తహ్జీబుత్ తహ్జీబ్' పన్నెండు సంపుటాలు అచ్చయింది హైదరాబాదులో, ఆ సంస్థలోనే. కైరో పండితులు, లైడెన్ పండితులు హైదరాబాదు ప్రతి అని పేజీ నంబరు వేసి ఉదాహరిస్తారు. సాక్షిని ఇంత నిలదీసిన పద్ధతి మా చర్చి చరిత్రలో నాకు కనబడలేదు. సువార్తలు రాసినవాళ్ళ పేర్లకే మాకు రెండో శతాబ్దపు సంప్రదాయం దిక్కు. ఇది ముస్లిం పక్షం బలం, ఒప్పుకోవాలి. దాని బలహీనత, ఆ సాక్షుల గురించి చెప్పినవాళ్ళు కూడా అదే గొలుసులోని మనుషులే కావడం. బయటినుంచి చూసే దారి కొంచెమే.

ఈ చదువంతా ఎప్పుడు పోయింది? నాకు తెలిసి 1980ల్లో క్యాసెట్లతో మొదలైంది. దక్షిణాఫ్రికాలో అహ్మద్ దీదాత్ కుర్రతనంలో కొట్లో పనిచేస్తూ గోదాములో 'ఇజ్హారుల్ హఖ్' చూశాడు, అదే తన బతుకుని మలుపు తిప్పిందని చెప్పుకున్నాడు. మంచి మాటకారి. రహ్మతుల్లా పెద్ద గ్రంథం ఆయన చేతిలో చిన్న చిన్న కరపత్రాలైంది, సభల్లో చప్పట్లైంది. ఎదుటి పక్షంలో అమెరికా టీవీ ప్రసంగీకులు దిగారు. ఖుర్ఆన్‌లో పిండశాస్త్రం ఉందని ఫ్రెంచి డాక్టర్ మారిస్ బుకాయ్ 1976లో పుస్తకం రాస్తే అదే రుజువైపోయింది. అరారాత్ కొండ దగ్గర ఓడ ఆకారంలో మట్టి కనబడితే మావాళ్ళకి అదే నోవహు ఓడ అయిపోయింది. రెండు పక్కలా అసలు రుజువులు మూలపడ్డాయి. క్యాసెట్ల రోజుల్లో గంటన్నరైనా కూర్చుని వినేవాళ్ళు. ఇప్పుడు అదీ లేదు.

ఖుర్ఆన్ శైలి మనుషులకి సాధ్యం కాదన్నది ముస్లింల పెద్ద రుజువు. అరబీ రానివాడికి అది చేరేది వేరొకరి మాట మీద నమ్మకంతోనే. నాకు అరబీ రాదు, అందుకే ఆ రుజువు నిజమనీ అబద్ధమనీ తీర్పు చెప్పను. మాస్టారు ఒక్కోసారి మర్యమ్ సూరా చదివి వినిపించేవారు, ఆ గొంతు వణికేది. ఏదో ఉందనిపించేది. ఆ అనిపించడాన్ని నేను లెక్కలో వేసుకోలేదు, తీసెయ్యనూ లేదు.

మేమిద్దరం చివరిదాకా తెగ్గొట్టుకోలేకపోయిన చోటు ఒకటుంది. యేసు తమ్ముడు యాకోబు, అన్న బతికుండగా నమ్మలేదని సువార్తే చెప్తుంది. తర్వాత యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు, రాళ్ళ దెబ్బలతో చంపబడ్డాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. పౌలు సంఘాన్ని హింసించినవాడు, అదే సంఘం కోసం దెబ్బలు తిన్నాడు. ఏదో చూడకపోతే వీళ్ళు ఎందుకు మారతారు అని నేను. "ప్రవక్త భార్య మా ఖదీజా బీబీ ఆయన్ని అందరికంటే దగ్గరగా ఎరిగిన మనిషి, అందరికంటే ముందు నమ్మింది. ఉమర్ కత్తి పట్టుకుని ప్రవక్తని చంపడానికి బయల్దేరి మారాడు. మీవాళ్ళకి ఇచ్చిన మార్కులు మావాళ్ళకీ ఇవ్వండి మాస్టారూ" అని ఆయన. పౌలు మారిన సంగతి గలతీయులకు రాసిన పత్రికలో పౌలే చెప్పాడు, ఉమర్ కథ నూటికి పైగా ఏళ్ళ తర్వాత ఇబ్న్ ఇస్‌హాక్ రాసింది, రెండిటికీ ఒకే మార్కులు కుదరవు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ తేడా ఒప్పుకున్నారు. ఒప్పుకుని, "పౌలు తనే చెప్పాడు కనక, తను చూశానని నమ్మాడని తేలుతుంది. చూశాడని తేలుతుందా?" అన్నారు. తేలదు. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దగ్గర నేను లేచిన క్రీస్తే కారణం అంటాను, ఆయన వేరే కారణం అంటారు. అక్కడ నా దగ్గర ఇంకో రాతప్రతి లేదు, ఆయన దగ్గరా లేదు.